ఇసుక మీద కట్టినాయన

సెకండ్ ఇయర్‌లో సాయిల్ మెకానిక్స్ మొదటి క్లాసులోనే మా బెంచి వాళ్ళం ఒక ఘనకార్యం చేశాం. బ్లాక్ కాటన్ సాయిల్‌కి ఆ పేరు ఎట్లా వచ్చిందని సార్ అడిగితే, కాటన్ దొర కనిపెట్టిండు కాబట్టి అని చెప్పాం. క్లాసంతా ఒకటే నవ్వు. అది పత్తి పండే నేల కాబట్టి వచ్చిన పేరనీ, మన నల్లరేగడినే ఇంగ్లీషులో అట్లా అంటారనీ ఆ రోజు తెలిసింది. మాది వర్ధన్నపేట. చుట్టూ పత్తి చేన్లే. ఆ ఊరోణ్ణి అయ్యుండి ఈ మాట చెప్పినందుకు హాస్టల్‌లో నన్ను చాలా రోజులు దొరా అనే పిలిచారు.

ఆ ఉక్రోషంతోనే కాటన్ గురించి చదవడం మొదలుపెట్టా. మా వైపు ఆయన పేరు పెద్దగా వినపడదు. మాకు చెరువులంటే కాకతీయులు. మా ఊరికి కోనారెడ్డి చెరువు, ఊరి పక్కన ఆకేరు వాగు. గోదావరి జిల్లాల వాళ్ళకు ఆయన విగ్రహం లేని ఊరు ఉండదట, మనకు జనరల్ నాలెడ్జ్‌లో ఒక బిట్టు. కానీ చదువుతూ పోతే తెలిసిందేంటంటే, జియోటెక్నికల్ ఇంజినీరింగ్ అనే పేరు పుట్టడానికి ముందే ఆయన చేసిన పని అదే. ఇసుక మీద, అడుగున రాయి ఎక్కడుందో తెలియని ఇసుక మీద, నాలుగు మైళ్ళ వెడల్పు నదికి అడ్డంగా కట్టిండు. అది నిలబడింది.

ఇసుక అంటే ఏంటో ఆకేరులో చెలిమె తవ్వినోళ్ళకు బాగా తెలుసు. ఎండాకాలం వాగులో చేత్తో గుంత తీస్తే కాసేపటికి అడుగున నీళ్ళు ఊరతాయి. ఇంకొంచెం లోతుగా తవ్వుదామంటే పక్కల ఇసుక కూలి గుంత పూడిపోతుంది. నీళ్ళు ఊరేటప్పుడు అడుగు ఇసుక బుడబుడమని కదులుతుంది కూడా. నది మీద కట్టే ప్రతి ఆనకట్టకూ ఉన్న గండం ఇదే. నీళ్ళు పైనుంచి దూకి కింద గొయ్యి పెడతాయి, అది ఒకటి. కట్ట కింది ఇసుకలోంచి దారి చేసుకుని అవతల పైకి ఊరుతూ ఇసుకను కూడా లాక్కుపోతాయి, అది రెండోది. మొదటిది కళ్ళకు కనిపిస్తుంది. రెండోది కట్ట కుంగినాకే కనిపిస్తుంది.

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండ్‌లో పుట్టాడు. పదకొండు మంది కొడుకుల్లో పదోవాడు. పెద్ద కుటుంబమే కానీ పదోవాడికి ఆస్తి ఏం మిగులుతుంది. పదిహేనేళ్ళకే ఆడిస్కోంబ్‌లోని ఈస్టిండియా కంపెనీ సైనిక పాఠశాలలో చేర్చారు. 1819లో మద్రాసు ఇంజినీర్స్ దళంలో సెకండ్ లెఫ్టినెంట్. వేల్స్‌లో కొన్నాళ్ళు సర్వే పని నేర్చుకుని, 1821లో మద్రాసులో దిగాడు. అప్పుడు ఆయన వయసు పద్దెనిమిది. మనం ఎంసెట్ కౌన్సెలింగ్‌లో సీటు కోసం టెన్షన్ పడే వయసు.

మొదట వేసింది దక్షిణాది చెరువుల శాఖలో. ఇది పైకి చిన్న పోస్టింగ్‌లా కనిపిస్తుంది గానీ నాకైతే ఆయన మొత్తం కెరీర్‌లో ఇదే అసలు మలుపు అనిపిస్తుంది. కట్టలు, తూములు, అలుగులు చూసుకుంటూ ఊళ్ళు తిరగడమే పని. వందల ఏళ్ళ కింద కట్టినవి ఎందుకు నిలిచాయి, నిన్న రిపేర్ చేసింది ఎందుకు తెగింది అనేది పుస్తకంలో కాకుండా కాలినడకన నేర్చుకునే అవకాశం. తర్వాత పాంబన్ దగ్గర సముద్రపు దారి సర్వే చేశాడు. 1824లో మొదటి బర్మా యుద్ధం వస్తే అక్కడికి పంపారు. తిరిగొచ్చాక 1828లో కెప్టెన్ అయ్యాడు, కావేరి బాధ్యత అప్పగించారు.

కావేరి దగ్గర అప్పటి ఇబ్బంది ఇది. శ్రీరంగం పైన నది రెండుగా చీలుతుంది. ఒకటి కావేరి, రెండోది కొల్లడం. కొల్లడం అడుగు పల్లంగా ఉంది కాబట్టి ఏటేటా ఎక్కువ నీళ్ళు అటే పోతున్నాయి, కావేరి పాయ ఇసుక మేట వేసి పూడుతోంది. తంజావూరు పొలాలన్నీ ఉన్నది కావేరి మీద. ఇట్లాగే వదిలేస్తే కొన్నాళ్ళకు తంజావూరుకు నీళ్ళుండవు. కొల్లడానికి అడ్డంగా ఆనకట్ట కట్టాలి. కానీ అక్కడ ఎంత తవ్వినా ఇసుకే.

రాయి తగలని చోట కట్టడం కట్టే చదువు ఆయన చదివిన స్కూల్లో లేదు. ఆయనకు గురువు దొరికింది కొంచెం దిగువన. కల్లణై అనే పాత ఆనకట్ట, కరికాల చోళుడు కట్టించాడని చెప్పుకునేది, వందల ఏళ్ళుగా ఇసుకలోనే నిలబడి ఉంది. కాటన్ దాన్ని దగ్గరగా పరిశీలించాడు. పెద్ద పెద్ద బండలను ఇసుకలో వేస్తూ పోయారు. బండ కొంత కుంగుతుంది, దాని మీద ఇంకోటి, అదీ కొంత కుంగుతుంది. కొన్నాళ్ళకు కింద ఇసుక ఎంత బరువు మోయగలదో అంత మోసి, ఇక కుంగడం ఆగుతుంది. అప్పుడు ఆ కుదురు మీద మిగతా కట్టడం. లోతు తెలియని ఇసుకలో పునాది వేసే విద్య తమకు వచ్చింది ఆ పాత కట్టడాన్ని చూసేనని, దాన్ని కట్టినవాళ్ళకు తాము రుణపడి ఉన్నామని ఆయనే తర్వాత రాసుకున్నాడు. కంపెనీ ఆఫీసర్లలో ఈ మాట ఒప్పుకున్నవాళ్ళు తక్కువ. ఈ ఒక్క సంగతికే నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

మనకు ఇది కొత్తేం కాదు అనుకోండి. రామప్ప గుడికి 1213 నాటికే రేచర్ల రుద్రుడి పనివాళ్ళు గుంత తీసి ఇసుక నింపి దాని మీద అంత బరువు నిలబెట్టారు. హన్మకొండ వేయిస్తంభాల గుడి కింద కూడా ఇసుకే. ఇసుక పక్కలకు జారిపోకుండా చుట్టూ కట్టడి చేస్తే రాయి కంటే నమ్మకంగా పనిచేస్తుంది. వదిలేస్తే మాత్రం చెలిమె గుంత కథే. కావేరి దగ్గర చోళులకు, ఓరుగల్లులో కాకతీయులకు తెలిసిన ఈ సంగతిని కాటన్ నది మధ్యలో, వరదలో పరీక్షకు పెట్టాడు.

కొల్లడం మీద ఎగువ, దిగువ ఆనకట్టల పని 1836లో జరిగింది. ఎగువ ఆనకట్టనే ఇప్పుడు ముక్కొంబు అంటారు. దానికి తర్వాతి కాలంలో గేట్లు పెట్టారు. 2018 ఆగస్టు వరదలో ఆ 45 గేట్లలో తొమ్మిది కొట్టుకుపోయాయి, అప్పుడు టీవీల్లో చూసే ఉంటారు. తంజావూరు మాత్రం ఆ పనితో బతికిపోయింది. అదే సమయంలో మద్రాసు దగ్గర రెడ్‌హిల్స్ నుంచి రాయి తేవడానికి 1837లో పట్టాలు వేసి బండ్లు నడిపించాడు, మన దేశంలో మొదటి రైలు దారి అదేనంటారు. తమాషా ఏంటంటే, ఈయనే ముసలితనంలో రైళ్ళకు బద్ధ శత్రువు. ఆ డబ్బుతో కాలువలు తవ్వండి, పడవలు నడుస్తాయి, పొలాలూ పారతాయి అని జీవితాంతం కొట్లాడాడు.

ఇన్ని చేశాక ఒళ్ళు సహకరించలేదు. జ్వరాలు. సెలవు పెట్టి టాస్మేనియా వెళ్ళాడు, అక్కడే 1841లో ఎలిజబెత్ లెర్‌మంత్‌ని పెళ్ళి చేసుకున్నాడు. తిరిగొస్తే విశాఖపట్నం వేశారు. అక్కడ సముద్రం ఒడ్డును కోసేస్తుంటే రాళ్ళ గట్లు వేసి ఆపే పని చేశాడు. మళ్ళీ ఇసుకే. ఆ తర్వాత రాజమండ్రి.

అప్పటి గోదావరి జిల్లా ఇప్పుడు మనం సినిమాల్లో చూసే కొబ్బరి చెట్ల గోదావరి కాదు. 1833లో నందన కరువు వచ్చింది. ఒక్క గుంటూరు సీమలోనే లక్షకు పైగా జనం చచ్చిపోయారు. 1839లో కోరంగి తుఫాను. 1821లో రాజమండ్రి జిల్లా జనాభా ఏడు లక్షల ముప్పై ఎనిమిది వేలు ఉంటే, 1841కి ఐదు లక్షల అరవై ఒక వేలకు పడిపోయింది. ఇరవై ఏళ్ళలో జనాభా పెరగాల్సింది పోయి నాలుగో వంతు తగ్గింది. కొందరు చచ్చిపోయారు, కొందరు ఊళ్ళు వదిలి పోయారు. అట్లాంటి జిల్లా మధ్యలోంచి ఇంత పెద్ద నది, ఎవరికీ అక్కరకు రాకుండా సముద్రంలోకి పోతోంది.

1844లో కాటన్ గోదావరిని అంతా తిరిగి చూసి ఆనకట్ట కట్టాలని సిఫారసు చేశాడు. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. కంపెనీ వాళ్ళు దయతో డబ్బు ఇచ్చేవాళ్ళు కాదు. కాటన్ కూడా వాళ్ళకు దయ గురించి ఒక్కటే చెప్పి ఊరుకోలేదు, ఎంత పెడితే ఎంత శిస్తు తిరిగొస్తుందో లెక్క కట్టి చూపించాడు. తంజావూరు పక్కన రాజమండ్రిని పెట్టి, నేల అదే, నదీ అదే, తేడా ఆనకట్ట ఒక్కటే అని వాదించాడు. ఆయన సామ్రాజ్యం మనిషే, అందులో అనుమానం లేదు. కాకపోతే ఆకలి ఆయన్ను కలవరపెట్టింది, అది కూడా నిజమే. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. 1846 చివర్లో లండన్ నుంచి మంజూరు వచ్చింది. ఆనకట్ట వరకు అంచనా నాలుగు లక్షల డెబ్బై అయిదు వేల రూపాయలు.

ఎంచుకున్న చోటు ధవళేశ్వరం. రాజమండ్రికి కొంచెం దిగువన, డెల్టా మొదలయ్యే చోట. ఎందుకు అక్కడే అంటే, నది చాలా వెడల్పు కాబట్టి లోతు తక్కువ, ప్రవాహం వేగం తక్కువ. మధ్యలో లంకలు ఉండి నదిని నాలుగు పాయలు చేశాయి, కాబట్టి ఒక్కో పాయను విడిగా కట్టుకోవచ్చు. ఒడ్డునే రాతి కొండ ఉంది. ఏ సైట్ ఇంజినీరైనా ఇది చూస్తే ఎగిరి గంతేస్తాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు. లంకలను వదిలేసి ఒక్క కట్టడం పొడవే కలిపితే దాదాపు 12 వేల అడుగులు.

కట్టిన తీరు చూడండి. ముందు నది ఇసుకలో బావులు దించారు. ఆరడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు. బావి ఒరను ఇసుక మీద పెట్టి, లోపలి ఇసుక తీస్తుంటే తన బరువుకు తనే దిగుతుంది. మన ఊళ్ళల్లో ఇసుక నేలలో బావికి ఒరలు దించే పద్ధతే ఇది, మా తాత కూడా చూసే ఉంటాడు. ఆ బావుల వరస మీద గోడ. ఆ రాతి గోడల మధ్య నది ఇసుకనే నింపి, పైన మందంగా రాతికట్టుతో మూసేశారు. అంటే ఆనకట్ట పొట్టలో ఉన్నది ఇసుకే, చుట్టూ రాతి చిప్ప. మళ్ళీ రామప్ప గుర్తొచ్చిందా? నాకైతే గుర్తొచ్చింది. వెనక వైపు నీళ్ళు మెల్లగా జారేలా వంపుగా కట్టి, ఆ కింద డెబ్బై ఎనభై అడుగుల మేర విడి రాళ్ళ పరుపు. ఎత్తు పన్నెండు అడుగులే. నదిని ఆపడం ఆయన ఉద్దేశం కాదు. మట్టం కొంచెం లేపి కాలువల్లోకి మళ్ళించడం, వరద వస్తే తల వంచి దాన్ని పైనుంచి పోనివ్వడం.

ఇప్పుడు మన సిలబస్ పక్కన పెట్టి చూడండి. ఇసుకలోంచి నీళ్ళు ఎంత వేగంగా పోతాయో చెప్పే డార్సీ సూత్రం వచ్చింది 1856లో. ర్యాంకిన్ ఎర్త్ ప్రెషర్ 1857. ఆనకట్ట కింద నీళ్ళు పాకే దూరాన్ని లెక్క కట్టిన బ్లై సిద్ధాంతం 1900 దాటాక, అది కూడా పంజాబ్‌లో ఖంకీ వంటి ఆనకట్టలు దెబ్బతిన్న తర్వాత. టెర్జాగి పుస్తకం 1925. మనం ఎగ్జామ్ ముందు రోజు బట్టీ పట్టే ఖోస్లా కర్వ్‌లు 1936. ధవళేశ్వరం పూర్తయింది 1852లో! ఒక్క కూలుంబ్ తప్ప మన సబ్జెక్టులో పేరున్న వాళ్ళెవరూ అప్పటికి రంగంలోకే రాలేదు. అయినా ఆయన బావులు దించింది కింద నీళ్ళ దారి పొడవు చేయడానికే పనికొచ్చింది, రాళ్ళ పరుపు వేసింది అడుగు ఊడకుండా కాపాడింది. ఫార్ములా లేకుండా చేశాడని చెప్పి మీరు సప్లీ రాయకండి. ఫార్ములా లేదు కానీ ఇరవై అయిదేళ్ళు కట్టలు, తెగుళ్ళు చూసిన కన్ను ఉంది.

పని 1847లో మొదలైంది. వరదలు తగ్గాక మొదలుపెట్టి మళ్ళీ వరద వచ్చేలోపు, అంటే ఏడాదిలో అయిదారు నెలలే చేతిలో ఉంటాయి. ఆ లోపు కట్టిన ముక్క వరదకు తట్టుకునే స్థితికి రావాలి, సగంలో ఉంటే గోదావరి తీసుకుపోతుంది. వేల మంది కూలీలు, వడ్రంగులు, కమ్మర్లు, రాళ్ళు కొట్టేవాళ్ళు, పడవలవాళ్ళు. కొండ దగ్గర రాయి పగలగొట్టడం, పట్టాల మీద ఒడ్డుకు తేవడం, పడవల్లో లంకలకు చేర్చడం, సున్నం కాల్చడం, కలప పైనుంచి తెప్పించడం. ఇన్నీ ఒకేసారి నాలుగు చోట్ల నడవాలి. ఇది ఒక్క మనిషి వల్ల కాదు.

కాటన్ దగ్గర ఉన్నవాళ్ళు ఎక్కువగా కుర్ర ఆఫీసర్లు. కెప్టెన్ ఓర్, లెఫ్టినెంట్ హేగ్ వంటివాళ్ళు. స్థానికంగా వీణెం వీరన్న. వీరన్న గురించి ఇంగ్లీషు పుస్తకాల్లో రెండు ముక్కలే ఉంటాయి గానీ గోదావరి వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. కూలీలను కూడగట్టడం, వాళ్ళ మాట దొరలకు, దొరల మాట వాళ్ళకు చేరవేయడం, పని మీద నిలబడి చేయించడం, అంతా ఆయన చేతుల మీద నడిచింది. ఊరిలో నమ్మకం ఉన్న మనిషి లేకుండా కొత్త చోట అన్ని వేల మందిని నది మధ్యకు తీసుకెళ్ళడం ఎవరి తరం? ఇక బండలు మోసిన ఆడవాళ్ళ పేర్లు, మగవాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు. ఒక్క రామప్ప పేరు తప్ప ఆ గుడి చెక్కిన మిగతా శిల్పుల పేర్లూ మనకు తెలియవు కదా.

అసలు పరీక్ష 1848లో వచ్చింది. రెండో సీజన్‌లోనే కాటన్ మంచాన పడ్డాడు. ఎండలో రోజంతా నదిలో నిలబడి చేయించే పని, ముందే దెబ్బతిన్న ఒళ్ళు. ఆస్ట్రేలియా వెళ్ళక తప్పలేదు. ప్రాజెక్టు సగంలో కూడా లేదు, గోదావరి ఏటేటా వస్తూనే ఉంటుంది, ప్లాన్ మొత్తం ఎవరి తలలో ఉందో ఆ మనిషి సముద్రం అవతల. మనం మినీ ప్రాజెక్టులో టీమ్ లీడర్ ఊరికి పోతే పీపీటీ కూడా పూర్తి చేయం. ఓర్ మాత్రం పని ఆపలేదు. ఒక పాయ తర్వాత ఒక పాయ కట్టుకుంటూ పోయాడు. 1850లో కాటన్ కల్నల్‌గా తిరిగొచ్చేసరికి అక్కడ జరుగుతున్న పని తను వదిలేసి పోయిన పనే, ఇంకా ముందుకు పోయింది. ఆయన జీవితం రాసిన కూతురు లేడీ హోప్ నాన్న గొప్పతనం గురించి ఎంతో రాసింది, కూతురు కదా. కానీ నాకు ఆయన గొప్పతనం ఎక్కువగా కనిపించింది ఆయన లేని ఆ రెండేళ్ళలోనే. ఓర్‌కి పని నేర్పి ఉండకపోతే, నిర్ణయాలు తీసుకునే అలవాటు చేసి ఉండకపోతే, ఆ రెండేళ్ళలో గోదావరి కట్టినదంతా ఊడ్చుకుపోయేది.

1852లో ఆనకట్ట పూర్తయింది. అదే సమయంలో హేగ్ ఇంకో సాహసం చేశాడు. కోనసీమలో గన్నవరం దగ్గర ఒక గోదావరి పాయ మీదుగా కాలువను దాటించాలి. దానికి 49 కమానులతో వంతెన లాంటి కాలువ, ఇంగ్లీషులో అక్విడక్ట్ అంటారు. వరద వచ్చేలోపు ఒక్క సీజన్‌లో లేపాడు. అప్పటికి అతను ఇరవైల్లో ఉన్న కుర్రాడు. కాటన్ ఆ బాధ్యత అతనికి ఇచ్చి తను పక్కకు తప్పుకున్నాడు. ఆ పాతది ఇప్పటికీ ఉంది, దాని స్థానంలో డొక్కా సీతమ్మ గారి పేరుతో కొత్తది 2000లో వచ్చింది. ఓర్ ఆ వెంటనే బెజవాడలో కృష్ణ ఆనకట్ట కట్టి 1855లో ముగించాడు. అంటే ధవళేశ్వరం ఇసుకలో నేర్చుకున్న ఇద్దరు, ఇద్దరూ సొంతంగా పెద్ద పనులు చేశారు.

ఖర్చు అంచనా దాటింది. ఎందుకు దాటిందని పైవాళ్ళు అడిగారు, ఎప్పుడూ అడిగేదే. ఇంకో సంగతి, రాళ్ళ పరుపు ఒకసారి వేసి మర్చిపోయేది కాదు. ప్రతి వరదకూ కొన్ని రాళ్ళు ఇసుకలోకి కుంగేవి, ప్రతి ఎండాకాలం మళ్ళీ వేయాల్సిందే. దీన్ని లోపం అన్నవాళ్ళు ఉన్నారు. కల్లణై పద్ధతి తెలిసినవాళ్ళకు మాత్రం అది పునాది కుదురుకోవడమే. కుంగే కొద్దీ వేయాలి, ఆగేదాకా వేయాలి. ఆ కట్టడం నూట ఇరవై ఏళ్ళకు పైగా పని చేసింది. ఇప్పుడున్న బ్యారేజీ 1970లలో మొదలై 1982లో పూర్తయింది, దానికీ ఆయన పేరే పెట్టారు. కొత్త బ్యారేజీ వచ్చిన నాలుగేళ్ళకే, 1986 ఆగస్టులో, 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. గోదావరి అంటే ఏంటో ఆ ఒక్క అంకె చెబుతుంది.

కాటన్ అన్నిట్లో గెలవలేదు. ఈ భాగం స్కూలు పాఠాల్లో ఉండదు. గోదావరి మీద ఎగువకు పడవలు నడిపించి, ఇటు సముద్రం నుంచి అటు నాగపూర్ వైపు పత్తి దేశం దాకా నీటి దారి వేయాలనేది ఆయన కల. ఆ పని మీద హేగ్‌నే పంపారు. మన భద్రాచలం పక్కన దుమ్ముగూడెంలో ఉన్న పాత ఆనకట్ట దాని గుర్తే. మధ్యలో బండల మీద నది దూకే చోట్లు ఎక్కువ, ఖర్చు పెరిగింది, మన్యంలో జ్వరాలు, 1871లో వదిలేశారు. ఇసుక మీద గెలిచినాయన రాతి మీద ఓడిపోయాడని అనుకోవచ్చు.

రెండోది కర్నూలు కడప కాలువ. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలవుతుంది. 1858లో పుట్టిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ దాన్ని తవ్వింది, ఆ ఆలోచన వెనక ఉన్నది కాటన్. కాలువ వచ్చింది, నీళ్ళు వచ్చాయి, రైతులు మాత్రం తీసుకోలేదు. ఎందుకంటే అక్కడిది నల్లరేగడి. వాన తేమనే నెలల తరబడి పట్టి ఉంచుకునే నేల. జొన్న, పత్తి దాంతోనే పండుతాయి. ఆ నేలకు కాలువ నీళ్ళు ఎక్కువ పెడితే మేలు కంటే కీడే ఎక్కువ, పైగా నీటి పన్ను. డెల్టాలో పనిచేసిన లెక్క అక్కడ పనిచేయలేదు. కంపెనీ నష్టపోయింది, చివరికి 1882లో ప్రభుత్వం కొనుక్కోవాల్సి వచ్చింది. చూశారా, బ్లాక్ కాటన్ సాయిల్‌కీ కాటన్ దొరకూ సంబంధం ఉందని మా బెంచి చెప్పింది పూర్తిగా తప్పేం కాదు. ఆయన దాన్ని కనిపెట్టలేదు, అది ఆయన్ను ఓడించింది.

1860లో ఇండియా వదిలాడు, 1861లో సర్ బిరుదు. అక్కడా ఊరుకోలేదు. 1870లలో మద్రాసు వైపు పెద్ద కరువు వచ్చి లక్షల మంది చనిపోతే, రైళ్ళ మీద పెట్టిన డబ్బు కాలువల మీద పెట్టి ఉంటే ఈ చావులు ఉండేవి కావని పత్రికల్లో, సభల్లో గొంతు చించుకున్నాడు. 1878లో పార్లమెంటు కమిటీ ఆయన్ను పిలిచి రోజుల తరబడి ప్రశ్నలు వేసింది. విఫలమైన స్కీములన్నీ ముందు పెట్టి అడిగారు. డెబ్బై అయిదేళ్ళ ముసలాయన వాళ్ళకు గోదావరి లెక్కలు చెబుతూ కూర్చున్నాడు. వాళ్ళు ఒప్పుకోలేదు. డబ్బు రైళ్ళకే పోయింది.

చివరి ఏళ్ళు డార్కింగ్ అనే ఊళ్ళో గడిపాడు. ఇంటి తోటలో నేలను మామూలు కంటే బాగా లోతుగా తవ్వి, గుల్లచేసి, గోధుమ పండించే ప్రయోగాలు. ఒక్కో గింజకు ఎన్ని కంకులు వచ్చాయో లెక్క పెట్టుకునేవాడు. తొంభై దాటినా మట్టి మీద ఆ ధ్యాస పోలేదు. 1899 జూలై 24న చనిపోయాడు, అప్పటికి 96 ఏళ్ళు. జూలై చివరంటే ఇక్కడ ధవళేశ్వరం మీద ఎర్ర నీళ్ళు దూకే కాలం.

ఈ సెమిస్టర్ సెలవుల్లో ఆకేరు ఎండిపోయి ఉంటే మా తమ్ముణ్ణి తీసుకుని చెలిమె తవ్వా. అడుగున ఇసుక బుడబుడమంటుంటే వాడికి క్విక్ కండిషన్ గురించి చెప్పబోయా. వాడు వినలేదు, చుట్టూ రాళ్ళు పేర్చి గుంత కూలకుండా ఆపాడు.